ఉపోసథ రోజు సెల్‌ఫోన్‌కి సెలవు



ఉపాసక, ఉపాసికలారా,

పంచశీలలో ఐదో శీలాన్ని మనం రోజూ చెప్పుకుంటాం. సారా, కల్లు, బ్రాందీ ముట్టనని మాట ఇస్తాం. ఆ శీలంలో 'పమాదట్ఠానం' అనే పాలీ మాట ఉంది. అంటే ఏమరుపాటుకి తావిచ్చేది అని అర్థం. మత్తు ఎందుకు వద్దో ఆ ఒక్క మాటలోనే ఉంది. అది మనిషిలోని ఎరుకని పోగొడుతుంది.

ఫోన్ సారా కాదు, నిజమే. కానీ కంచం ముందు కూర్చుని ఏం తింటున్నామో తెలియకపోతే, పిల్ల బడిలో జరిగింది చెబుతుంటే "ఊఁ" కొడుతూ రీల్స్ తిప్పుతుంటే, అదీ ఏమరుపాటే కదా?

ఫోన్ మోగితే ఏం జరుగుతుంది?

బుద్ధుడు చెప్పిన పటిచ్చసముప్పాదాన్ని, అంటే కార్యకారణ గొలుసుని, మీ ఫోన్‌తోనే అర్థం చేసుకోవచ్చు.

ఫోన్ టింగుమంటుంది. చెవికి శబ్దం తగలడం ఫస్స, అంటే స్పర్శ. "ఎవరో నన్ను తలుచుకున్నారు" అని లోపల చిన్న సంతోషం పుడుతుంది. అది వేదన. ఇక్కడ వేదన అంటే బాధ కాదు, అనుభూతి. వెంటనే చూడాలనిపిస్తుంది. అది తణ్హ, అంటే తృష్ణ. ఒక మెసేజ్ చూద్దామని తీసినవాళ్లం గంటైనా వదలం. అది ఉపాదానం, పట్టుకుని వేలాడ్డం.

ఈ గొలుసుని ఎక్కడ తెంపాలి? శబ్దం రాకుండా లోకాన్ని ఆపలేం. సంతోషం పుట్టకుండా మనసునీ ఆపలేం. కానీ వేదనకీ తృష్ణకీ మధ్య కాస్త సందు ఉంది. "చూడాలనిపిస్తోంది" అని గమనించి, మూడు శ్వాసలు ఆగితే చాలు, చెయ్యి దానంతటదే ఫోన్ మీదకి పోదు. సమ్మాసతి, అంటే సరైన ఎరుక, ఇలా ఇంట్లోనే మొదలవుతుంది.

సాదా బతుకు అంటే పేదరికం కాదు

"మనవాళ్లకి ఇప్పుడిప్పుడే ఫోన్లు వచ్చాయి, అప్పుడే వదిలేయమంటారా?" అని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. మేస్త్రీ ఫోన్ చేస్తేనే రేపటి కూలి దొరికే ఇళ్లు మనవి. ఎక్కడో పల్లెలో మనవాళ్ల మీద దాడి జరిగితే నలుగురికీ తెలిసేది ఫోన్ ద్వారానే. 1920లో బాబాసాహెబ్ 'మూక్‌నాయక్' పత్రిక పెట్టింది నోరులేని వాళ్లకి నోరు ఇవ్వడానికే. ఇవాళ ఆ పనిలో కొంత ఫోన్ చేస్తోంది.

బాబాసాహెబ్ పేదరికాన్ని ఎప్పుడూ పొగడలేదు. 1927లో మహాడ్‌లో మన స్త్రీలతో శుభ్రంగా, గౌరవంగా బట్టలు కట్టుకోమని చెప్పారు. కాబట్టి చిరుగు బట్టలు, ఖాళీ కడుపు మన ఆదర్శం కాదు. వాయిదాల మీద కొత్త ఫోన్ కొని, ఆ అప్పు తీర్చడానికి పిల్లల ఫీజు ఆపేస్తే, మనం ఫోన్‌ని వాడుతున్నామా, ఫోన్ మనల్ని వాడుతోందా? సాదా బతుకు అంటే మన కాలమూ మన కష్టార్జితమూ మన చేతిలో ఉండటం.

బాబాసాహెబ్ బొంబాయి దాదర్‌లో 'రాజగృహ' కట్టించుకున్నది పుస్తకాల కోసం. గంటల తరబడి ఒకేచోట కూర్చుని చదివిన మనిషి ఆయన. ఆయన ఫొటోని స్టేటస్‌లో పెట్టుకుని, 'బుద్ధుడు, ఆయన ధమ్మం' పుస్తకంలో పది పేజీలు కదలకుండా చదవలేకపోతే ఆ ఫొటో వల్ల మనకి ఒరిగేదేముంది?

ఆచరణ

పౌర్ణమి, అమావాస్య, రెండు అష్టములు ఉపోసథ రోజులు. ఆ రోజుల్లో ఉపాసకులు అష్టశీలాలు తీసుకుంటారు. అందులో ఆటపాటలకీ వేడుకలకీ దూరంగా ఉండటం ఒకటి. విపశ్యన పది రోజుల శిబిరంలో ముందే ఫోన్ అప్పగించి కూర్చుంటారు. మనం ఒక్క పౌర్ణమితో మొదలుపెడదాం.

1. సాయంత్రం ఆరు నుంచి మర్నాడు పొద్దున ఆరు దాకా డేటా ఆపేయండి. పని కబురో ఆపద కబురో వస్తే అందేలా కాల్స్ మాత్రం ఉంచండి.
2. ఫోన్‌ని మంచం దగ్గర కాకుండా వేరే గదిలోనో గూట్లోనో పెట్టండి. పొద్దున లేపడానికి అలారం గడియారం చాలు.
3. ఇంట్లో అందరూ కలిసి త్రిశరణ, పంచశీల చెప్పుకుని, పావుగంట ఆనాపానసతి చేయండి. తర్వాత ఒకరు పుస్తకం చదవండి, మిగతావాళ్లు వినండి.
4. పిల్లల చేతిలోంచి ఫోన్ లాక్కోకండి. ముందు మీరు పక్కన పెట్టండి.
5. మర్నాడు ఫోన్ తెరిచాక, నిజమో కాదో తెలియని ఏ మెసేజీనీ ఇంకొకరికి పంపకండి. అది సమ్మావాచ, సరైన మాట.

వీణ తీగ మరీ బిగించినా, మరీ వదులు చేసినా సరిగ్గా పలకదని సోణ భిక్షువుకి బుద్ధుడు చెప్పాడు. ఫోన్ విషయంలోనూ మజ్ఝిమ మార్గమే మన దారి.

విహారంలో చర్చకు

- నిన్న ఫోన్ ఎన్నిసార్లు తీశారు? అందులో అవసరమైనవి ఎన్ని?
- ఫోన్ తీసే ముందు మనసులో ఏముంది? విసుగా, భయమా, ఒంటరితనమా?
- మిగిలిన ఆ గంటని ఎవరికి ఇస్తారు?

వచ్చే పౌర్ణమికి చేసి చూడండి. ఎలా ఉందో మీ విహారంలో నలుగురితో చెప్పండి.

నమో బుద్ధాయ! జై భీమ్!