ఎలుకల వేటకు గాలి తుపాకి నెన్నుకొనుట

గాదెలోను పశువుల కొట్టములోను ఎలుకలు హెచ్చినప్పుడు రైతు మొదట బోను పెట్టును. కొన్నాళ్లకు ఎలుకలు బోనును గుర్తెరిగి తొలగి తిరుగును. విషము పెట్టుదమన్న పిల్లికిని కోళ్లకును చేటు. అప్పుడు కొందరు గాలి తుపాకి కొనదలతురు. అంగడికి బోయిన వారికి “ఇది మిక్కిలి బలమైనది” యను మాటయే వినబడును. బలమును జూచి కొన్న తుపాకి గోడను తగులునంత తరచుగా ఎలుకను తగులదు. తగిలినను ఎలుక గాయముతో కలుగున జొచ్చి, అచ్చటనే చచ్చి, వారము దినములు ఇంటిని కంపు గొట్టించును. కావున ఈ పనిముట్టు విషయమున మొదట చూడదగినది గురి. బలము దాని తరువాతిది.

కొనుటకు ముందు, దీనితో దేనిని కొట్టవచ్చునో తెలిసికొనవలెను. పూర్వము పల్లెలలో కుందేలును, కౌజుపిట్టను వేటాడుట వాడుకయై యుండెను. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము తరువాత ఆ వేట నేరము. పంట తినుచున్నదను సాకుతో నెమలిని గాని చిలుకను గాని కొట్టుటయు నట్టిదే. ఆ చట్టములో ఎలుక, చుంచు, కాకి, పండ్లు తిను గబ్బిలము చీడజంతువులుగా నొక ప్రత్యేకపు పట్టికయందుండెను. 2022వ సంవత్సరపు సవరణతో ఆ పట్టిక తొలగిపోయినది గనుక, దానిని జూపి కాకిని కొట్టవచ్చుననుట నేడు చెల్లదు. అడవిపందిమీదను కోతిమీదను గాలి తుపాకి ప్రయోగించుట శుద్ధ తెలివితక్కువ పని. గుండు తోలున దిగి పుండు చేయును. జంతువు చావదు, పోదు, మరింత మొండిదగును.

వరిపొలపు ఎలుకలకు సైతము ఇది తగిన సాధనము కాదు. గట్టులో కలుగు త్రవ్వు ఎలుక పగలు మూతిని మట్టితో కప్పుకొని లోపల నుండి, రాత్రివేళ పైరులో తిరుగును. ఆడ ఎలుక మూడు వారములు మోసి, ఒక్కొక ఈతకు ఆరేడు పిల్లలను బెట్టును. ఒకదానిని కాల్చి చంపునంతలో పది పుట్టుచుండ తుపాకి యేమి చేయగలదు? అచ్చట గట్లను సన్నగా చెక్కుట, నాట్లకు ముందే ఊరివారందరును కలిసి బుట్టలు పెట్టుట ఫలించును. తుపాకికి తగిన చోటు గాదె, కొట్టము, కోళ్ల గూడు. అచ్చటి ఎలుక ప్రతిరాత్రియు గోడ వారగా ఒకే దారిని నడచును. ఒకే మూలను నిలిచి తినును. పది పదునైదు గజముల దూరమున కూర్చుండి వేచినవానికి అది చాలును.

గాలి తుపాకికిని సేద్యమునకును పొత్తు పాతదే. 1888 ప్రాంతమున అమెరికాలోని మిషిగన్ రాష్ట్రమునందు ప్లిమత్ అను ఊర ఇనుప గాలిమరలు చేయు కంపెనీ యొకటి, మర కొన్న రైతునకు చిన్న గాలి తుపాకిని కానుకగా నిచ్చెడిది. మరలకంటె తుపాకులకే గిరాకి హెచ్చి, 1895లో ఆ కంపెనీ తుపాకి పేరైన డెయిజీ యనుదానినే తన పేరుగా గైకొనెను. అయితే అట్టి తుపాకుల గొట్టము లోపల నున్నగా నుండి, గుండ్రని చిన్న గుండ్లను వేయును. ఎలుక పనికి రాదు. గొట్టము లోపల మెలిదిరిగిన గాడులుండవలెను. ఆ గాడుల వలన గుండు తిరుగుచు, తిన్నగా పోవును. వెలుతురునకు పట్టి గొట్టములో చూచిన గాడులు కనబడును.

మన దేశమున 2016వ సంవత్సరపు ఆయుధ నియమముల ప్రకారము 4.5 మిల్లీమీటర్ల రంధ్రమును, 20 జౌలుల శక్తిని మించని గాలి తుపాకికి లైసెన్సు అక్కరలేదు. అర గ్రాము తూగు సీసపు గుండు సెకనునకు 200 మీటర్ల వేగముతో వెడలినచో దాని శక్తి 10 జౌలులు. పదునైదు గజములలోని ఎలుకకు అది చాలును. వేగము 280 మీటర్లయిన శక్తి ఇంచుమించు 20 జౌలులగును. కాని అంత బలమైన స్ప్రింగును వంచుట కష్టము, కుదుపు హెచ్చు, గురి చెడును. శబ్దవేగమునకు సమీపించిన కొలదిని గుండు త్రోవలో తడబడును కూడ. అంగడివాడు వేగమును గొప్పగా చెప్పినప్పుడు ఈ సంగతి తలచుకొనవలెను.

గాలిని ముందుగానే సుమారు 200 రెట్ల ఒత్తిడితో నింపి యుంచుకొను తుపాకులు కలవు. వానికి కుదుపు లేదు, గురి శ్రేష్ఠము. కాని వెల అధికము, గాలి నింపుటకు ప్రత్యేకపు పంపు కావలెను. గాదె ఎలుకలకై అంత వ్యయము దండుగ. గొట్టమును విరిచి స్ప్రింగును బిగించు సామాన్యపు రకమే రైతునకు తగినది. దీనిని కొనునప్పుడు గొట్టము మూసి, ప్రక్కలకు కదల్చి చూడవలెను. ఏమాత్రము ఊగినను విడిచిపెట్టవలసినదే, ఏలయన ప్రతి దెబ్బకును గురి మారుచుండును. మీట గరగరలాడక మెత్తగా తెగవలెను. అంతటితో తృప్తి పడక, పదునైదు గజముల దూరమున కాగితము పెట్టి, బస్తాపై చేయి ఆన్చి అయిదు గుండ్లు వేసి చూడవలెను. అయిదును రూపాయి బిళ్లయంత చోట పడవలెను. ఎలుక తలయు అంతే గదా! పడనిచో వేరు రకపు గుండ్లతో మరల చూడవలెను. ఒక తుపాకికి నచ్చిన గుండు మరియొకదానికి నచ్చదు. తల గుండ్రముగా నుండు గుండ్లే పెక్కింటికి నప్పును. సూదిమొన గుండ్లు చూపునకే వాడి.

దూరదర్శిని అక్కరలేదు. స్ప్రింగు తుపాకి వెనుకకును ముందునకును కుదియును గనుక చౌక దూరదర్శిని త్వరలో చెడును. ఆ కుదుపు వలననే తుపాకిని బిగియబట్టక, అరచేతిపై వదులుగా నిలుపుట మంచిది. రాత్రివేళ దీపమునకు ఎర్ర కాగితము చుట్టిన ఎలుక బెదరదు. ఎర్రని వెలుగు దాని కంటికి మిక్కిలి మందముగా తోచును.

గుండు వందల గజములు పోగలదు. రాతిగోడను తాకిన వెనుకకు తిరిగి కంటిని పోగొట్టగలదు. గురి వెనుక మట్టి గాని ధాన్యపు బస్తా గాని యుండవలెను. మనుష్యుడు గాని పశువు గాని యుండరాదు. గుడ్లగూబ, జెర్రిపోతు ఎలుకలను తినునవి, వానిని కొట్టరాదు. చచ్చిన ఎలుకను ఉత్తచేతితో ముట్టరాదు, ఎలుక జ్వరము సోకును. దానిని బయట పారవేయక లోతుగా పూడ్చవలెను. లోపలి సీసము గ్రద్దలకును కుక్కలకును విషము.

గొట్టము తెరచి గుండు పెట్టునప్పుడు రెండవచేతితో గొట్టమును గట్టిగా పట్టుకొననిచో అది చటుక్కున మూసికొని వ్రేళ్లను నరుకును. గుండు లేక ఉత్తగా కాల్చిన స్ప్రింగు పాడగును. పని ముగిసిన పిమ్మట బిగించి యుంచక, గొట్టమునకు పలుచగా నూనె పూసి, పిల్లల కందకుండ తాళము వేసిన పెట్టెలో పెట్టి, గుండ్ల డబ్బాను వేరొక చోట నుంచవలెను.