అటక మీది ల్యాప్‌టాప్, చీటీ డబ్బు

సమస్య



మాది బాపట్ల జిల్లా వేటపాలెం దగ్గర రామాపురం. చేనేత ఇల్లు. నాకు నలభై ఏడేళ్లు. ఇంటర్ అవగానే పెళ్లయింది. అమ్మాయిని అత్తారింటికి పంపాక దూరవిద్యలో బీఏ పూర్తిచేసి, ఇప్పుడు అలాగే ఎం.ఏ. తెలుగు చదువుతున్నాను. మొదటి ఏడాది గట్టెక్కింది. రెండో ఏడాది ప్రాజెక్టు వ్యాసం రాయాలి. మగ్గం పనిలో మా అత్తగారి తరం వాడే మాటల మీద రాస్తానంటే మాస్టారు వెంటనే సరేనన్నారు. అయితే టైపు చేసి ఇవ్వాలట. చదవాల్సిన పుస్తకాలు కూడా చాలావరకు పీడీఎఫ్‌లే. ఫోన్‌లో ఒక్కో పేజీని వేళ్లతో సాగదీసి, అటూ ఇటూ జరుపుకుంటూ చదవాలి. చత్వారం అద్దాలు పెట్టుకున్నా గంటకే తల పగిలిపోతోంది.

డీటీపీ చేయించుకుందామంటే చీరాల పోవాలి. తప్పులు దిద్దించడానికి మళ్లీ పోవాలి. అందుకని చిన్న ల్యాప్‌టాప్ ఒకటి కొనుక్కుందామనుకున్నాను. సంచిలో పెట్టుకుని వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయానికి, తరగతులున్నప్పుడు రైల్లోనూ తీసుకెళ్లేలా ఉండాలి. చీటీ పాడితే ముప్పై రెండు వేలు చేతికొచ్చాయి.

ఇక సలహాలకు కరువు లేదు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మా అబ్బాయి ముందు “ఫోన్ చాలదా అమ్మా” అన్నాడు. ఆ తర్వాత “కొంటే మంచిదే కొనాలి, లక్ష దాకా అవుతుంది, నేను ఈఎంఐలో తీసుకుంటాలే” అన్నాడు. మా మరిది పదకొండు అంగుళాల జియోబుక్ చాలు, నోటుపుస్తకమంత ఉంటుంది అంటాడు. తెనాలిలో మా తమ్ముడికి తెలిసిన షాపులో కంపెనీలు వాడి వదిలేసినవి పాతిక వేల లోపే ఇస్తారట. మా ఆయన మాత్రం “నీ ఇష్టం” అని మళ్లీ మగ్గం గుంటలోకి దిగుతారు. అబ్బాయి ఇంజనీరింగ్‌లో వాడినది ఒకటి అటక మీద ఉంది. ఆన్ అయ్యేలోగా కాఫీ పెట్టుకు తాగొచ్చు, వైరు పీకితే ఆగిపోతుంది.

ఏది కొనమంటారు? ఇంకో మాట. నా డబ్బుతో నేను కొనుక్కుంటే అబ్బాయి నొచ్చుకుంటాడేమో. తీరా కొన్నాక నాకు చేతకాకపోతే కుట్టుమిషన్‌లా మూలన పడుంటుందేమో. ఈ వయసులో చదువేంటని ఇప్పటికే వీధిలో అనేవాళ్లున్నారు.

ఒక పాఠకురాలు, రామాపురం

సలహా

అమ్మా,

మీకు కావలసింది తేలికైన ల్యాప్‌టాప్. చిన్నది కాదు. మీ మరిదిగారు చెప్పిన జియోబుక్ 2023లో వచ్చినది కిలో లోపే ఉంటుంది, నిజమే. కానీ తెర 11.6 అంగుళాలు, ర్యామ్ 4 జీబీ, దాచుకోవడానికి 64 జీబీ. బడిపిల్లలకు సరిపోవచ్చు. ఫోన్‌లో సాగదీసి చదవలేక వచ్చిన తలనొప్పికి అది మందు కాదు.

మీ అంశానికి పెద్ద దిక్కు ఒకటుంది, మీ మాస్టారు చెప్పే ఉంటారు: భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో వచ్చిన మాండలిక వృత్తి పదకోశంలో రెండో సంపుటం. 1971లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ వేసింది. మొత్తం చేనేత మాటలే. అలాంటి పుస్తకం ఎడంపక్క తెరిచి పెట్టుకుని, మీ అత్తగారు నాడెను, ఆసును, కండెను ఏమంటారో కుడిపక్క రాసుకోవాలి. రెండూ ఒకేసారి కనబడాలంటే 14 అంగుళాల ఫుల్ హెచ్‌డీ తెర ఉండాలి. బరువు ఒకటిన్నర కిలో దగ్గర తూగితే చాలు, మీ భుజం మోస్తుంది. ర్యామ్ 8 జీబీ, ఎస్‌ఎస్‌డీ 256 జీబీ. పీడీఎఫ్‌లు, ఒక వ్యాసం, కాస్త ఇంటర్నెట్... ఈ పనికి లక్ష రూపాయల యంత్రం దండగ. అబ్బాయితో ఈ ముక్క నా మాటగానే చెప్పండి.

అసలు కష్టం యంత్రంలో లేదు, తెలుగు టైపులో ఉంది. దాని గురించి మీ సలహాదారుల్లో ఒక్కరూ మాట్లాడినట్టు లేదు. డీటీపీ సెంటర్లలో ఇప్పటికీ అను ఫాంట్లే ఎక్కువ. ఆ ఫాంట్లు లేని కంప్యూటర్‌లో ఆ ఫైలు తెరిస్తే మీ వ్యాసం బదులు పిచ్చి గీతలు కనిపిస్తాయి. మీరు మొదటి అక్షరం నుంచీ యూనికోడ్‌లోనే కొట్టండి. అదైతే మీ ఫోన్‌లోనూ, మాస్టారి కంప్యూటర్‌లోనూ ఒకేలా కనబడుతుంది, మాటల్ని వెతుక్కోవచ్చు, అకారాది క్రమంలో పేర్చుకోవచ్చు. మాటల పట్టిక తయారుచేసే మీకు ఈ చివరిది ఎంత పనికొస్తుందో ఆలోచించండి. అయితే మీ విశ్వవిద్యాలయం ఫలానా ఫాంటులోనే ఇమ్మంటుందేమో ముందే కనుక్కోండి. అను నుంచి యూనికోడ్‌కు, అటు నుంచి ఇటు మార్చే సాధనాలున్నాయి గాని, మార్చాక ఒత్తులు ఒకసారి సరిచూసుకోవాలి.

విండోస్‌లో తెలుగు కీబోర్డు ఉచితంగానే ఉంది, విడిగా కొనక్కర్లేదు. రెండు దారులు. ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు వచ్చేది ఫొనెటిక్. రెండోది ఇన్‌స్క్రిప్ట్: ఎడంచేతి వేళ్ల కింద అచ్చులు, గుణింతాలు, కుడిచేతి వేళ్ల కింద హల్లులు. ఫొనెటిక్ మొదటి రోజే వచ్చేస్తుంది. ఇన్‌స్క్రిప్ట్‌కు కొన్ని వారాలు విసుగ్గా ఉంటుంది, ఆ తర్వాత వేళ్లు వాటంతటవే పోతాయి. నేనైతే ఇన్‌స్క్రిప్టే నేర్చుకోమంటాను. తెలుగు మాటను మనసులో ఇంగ్లీషు స్పెల్లింగులోకి తిప్పి మళ్లీ తెలుగులోకి తెచ్చుకోవడం మీలాంటి విద్యార్థికి అనవసరపు చాకిరీ. ఏళ్ల తరబడి పడుగూ పేకా చూసుకున్న వేళ్లకు ఇది రాదంటే నేను నమ్మను.

నేర్చుకోవడానికి కొత్తది అక్కర్లేదు. అటక మీదిది దించండి. ఆన్ అవడానికి అంతసేపు పడుతోందంటే అందులో పాతకాలపు హార్డ్ డిస్క్ ఉండి ఉండాలి. దాన్ని తీసి ఎస్‌ఎస్‌డీ వేస్తే మనిషి మారినట్టు మారుతుంది. ఖర్చు కూడా కొత్తదాని ధరలో చిన్న ముక్క. బ్యాటరీ పోయినా పర్లేదు, ఇంట్లో వైరు పెట్టుకునే రోజూ ఓ గంట కొట్టండి. ఒక్క జాగ్రత్త. అందులో విండోస్ 10 ఉంటే దానికి మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. కాబట్టి బ్యాంకు పనులు దాంట్లో పెట్టుకోవద్దు. నెలా రెండు నెలల్లో మీ వేళ్లకు నమ్మకం కుదురుతుంది, అప్పుడు చీటీ డబ్బు తీయండి. కుదరకపోయినా డబ్బు మీ దగ్గరే ఉంటుంది, మూలన పడేది ఏమీ ఉండదు.

ఆ ఎస్‌ఎస్‌డీ మాత్రం అబ్బాయిని కొనిపెట్టమనండి. ఫోన్ చాలదా అన్నవాడే మళ్లీ లక్ష మాట ఎత్తాడంటే, మీ కోసం ఏదో ఒకటి చేయాలని వాడికి ఉంది, ఏం చేయాలో తెలియలేదు. ఈసారి పండక్కి వచ్చినప్పుడు పక్కన కూర్చుని బిగించి, తెలుగు కీబోర్డు పెట్టి ఇచ్చి వెళ్లమనండి. ఈఎంఐ కంటే ఆ పూట విలువెక్కువ. కొత్తది మాత్రం మీ డబ్బుతోనే, మీకు నచ్చిందే కొనుక్కోండి. నొచ్చుకుంటాడనే భయంతో లక్ష రూపాయలది పుచ్చుకుంటే, దాన్ని సంచిలో వేసుకుని రైలెక్కడానికి కూడా మీకు చెయ్యి రాదు. వీధివాళ్ల మాటలకు నా దగ్గర జవాబు లేదు, మీరూ వెతకొద్దు.

తెనాలి షాపు సంగతి. కంపెనీలు వదిలేసిన థింక్‌ప్యాడ్‌లు, ల్యాటిట్యూడ్‌లు గట్టివి, కీబోర్డులు బాగుంటాయి. మీ డబ్బుకు కొత్తదానికంటే అదే మేలైన బేరం కావచ్చు. కానీ ప్రాసెసర్ పేరు చదివి తీసుకోండి. ఇంటెల్ అయితే ఐ3, ఐ5 తర్వాత గీత పక్కన ఉన్న నంబరు చూడండి. అది 6 తోనో 7 తోనో మొదలైతే దాదాపు ఏదీ విండోస్ 11 అర్హత జాబితాలో ఉండదు. 8 తో మొదలైనదో ఆ తర్వాతి తరానిదో కావాలి. పాత తరందాంట్లో ఎలాగోలా 11 ఎక్కించి అమ్మేవాళ్లుంటారు. “బాగానే నడుస్తోందిగా మేడం” అంటారు, తీసుకోకండి. అక్కడే బ్యాటరీ రిపోర్టు తీయించండి. డిజైన్ కెపాసిటీ పక్కన ఫుల్ ఛార్జ్ కెపాసిటీ సగానికి పడిపోయి ఉంటే కొత్త బ్యాటరీ వేయించి ఇమ్మనాలి. ప్యాసింజర్ రైల్లో ప్లగ్గు దొరుకుతుందని ఆశ పెట్టుకోవద్దు. మీ చత్వారం అద్దాలు మర్చిపోకుండా తీసుకెళ్లి, అక్కడే ఒక పీడీఎఫ్ తెరిపించి పావుగంట చదివి చూడండి. షాపువాడు విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

సముద్రం పక్క ఊరు కాబట్టి ఇంకొకటి. ఉప్పుగాలికి ఛార్జింగు, యూఎస్‌బీ రంధ్రాల్లోని లోహం తుప్పు పడుతుంది. కిటికీ పక్కన తెరిచి వదిలేయకుండా, పని కాగానే మూసి సంచిలో పెట్టి, ఆ సంచిలో సిలికా జెల్ పొట్లాలు రెండు వేయండి. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను తీరం దాటింది మీ బాపట్ల దగ్గరే. అలాంటి రోజున యంత్రం తడిసినా వ్యాసం పోకూడదు. గూగుల్ డ్రైవ్‌లో 15 జీబీ ఉచితం, మీ వ్యాసానికి అందులో మూల చాలు. మీ అత్తగారి గొంతు రికార్డు చేసినవి పెద్ద ఫైళ్లవుతాయి, వాటికి ఒక పెన్‌డ్రైవ్ విడిగా ఉంచుకోండి. ఆ రికార్డింగు మొదలుపెట్టడానికి ల్యాప్‌టాప్ కోసం ఆగొద్దు, ఫోన్ దానికి చాలు. ఈ ఒక్క విషయంలో మీ అబ్బాయి మాట నిజం.

షాపు ఏదైనా బిల్లు, వారంటీ కాగితం మీ పేరు మీదే రాయించుకోండి. రేపు ఏదైనా రిపేరు వస్తే అబ్బాయి హైదరాబాద్ నుంచి దిగేదాకా ఆగకుండా మీరే వెళ్లి అడగొచ్చు.