తొండకి తిండి ఎలా అలవాటయింది?

తొండ అన్నం తినదు. పప్పు తినదు, ఉడికిన గుడ్డు ముక్క పెట్టినా అటు చూడదు. ఈ సంగతి ముందుగా ఎందుకు రాస్తున్నానంటే, మా పెట్టెలో ఎవరో రెండుసార్లు మెతుకులు వేసి పోయారు. మెతుకులకి చీమలు పట్టాయి. ఆ చీమలే తొండ దెబ్బ కాలికి కూడా పట్టాయి. తొండ కదిలే పురుగునే చూసి పట్టుకుంటది. కదలనిది తిండి అని దానికి తెలియదు.

స్నేహితులారా, దసరా సెలవులకి ముందు మన బడి వెనక కానుగ చెట్టు కింద ఒక తొండ ముందు కాలు ఈడుస్తూ కనిపించింది. రాయి దెబ్బ. సైన్సు సారు చూసి "పెట్టెలో ఉంచి చూద్దాం, పాకగలిగితే వదిలేద్దాం" అన్నారు. తొమ్మిదో తరగతి వాళ్ళం ఎనిమిది రోజులు చూసుకున్నాం. మేము చూసినదీ, సారు చెప్పినదీ కలిపి రాస్తున్నాను.

టమాటాలు వచ్చే చెక్కపెట్టెకి చిరిగిన దోమతెర గుడ్డ చుట్టాం. అడుగున మట్టి, ఎండుటాకులు వేసి, ఒక జామ కొమ్మ వాలుగా పెట్టాం. తొండ రాత్రి కొమ్మని పట్టుకునే నిద్రపోతది. పెట్టెలో సగం ఎండ పడాలి, సగం నీడ ఉండాలి. అన్నిటికంటే ఇదే ముఖ్యం. మన ఒంట్లో వేడి చలికాలమైనా ఎండాకాలమైనా 37 డిగ్రీల దగ్గరే ఉంటుంది. తొండకి అట్లా కాదు, దాని వేడి బయటి నుంచే రావాలి. ఒళ్ళు వేడెక్కకపోతే కడుపులో తిండి అరగదు. అందుకే పొద్దున నల్లగా మారి ఎండలో పడుకుంటది. నలుపు వేడిని ఎక్కువ పీల్చుకుంటుందని మనం చదివాం కదా, తొండ చదవకుండానే చేస్తది! వేడెక్కాక రంగు తేలుతుంది. అప్పుడే పురుగు వేయాలి. పెట్టె అంతా ఎండలో పెడితే మాత్రం పోవడానికి నీడ లేక చచ్చిపోతది.

మొదటి రెండు రోజులు ఏమీ తినలేదు. మా క్లాసు అమ్మాయి ఒకతె ఏడ్చింది. నోరు తెరిచి పెడదామని కొందరన్నారు. సారు ఒప్పుకోలేదు. బలవంతంగా తెరిస్తే దవడకి దెబ్బ తగులుతుందట. పెద్ద తొండ రెండు రోజులు తిండి లేకపోయినా తట్టుకుంటుందట, నీళ్ళు లేకపోతేనే కష్టమట. గిన్నెలో నీళ్ళు పెడితే దానికి అంతగా తెలియదు. ఆకుల మీద మంచులాగా చిలకరిస్తే నాలుకతో నాకింది.

అసలు ఇబ్బంది ఏమిటంటే, ఇంటర్‌వెల్‌లో అందరూ పెట్టె చుట్టూ ముసురుతున్నారు. ఐదో తరగతిలో ట్రంకు పెట్టె పట్టుకుని కొత్తగా వచ్చిన రోజు అందరూ నిలబడి చూస్తుంటే మనకి ముద్ద దిగిందా? నాకైతే దిగలేదు. మూడు వైపులా పాత పేపర్లు అంటించి, చేత్తో ముట్టుకోవద్దని రాసి పెట్టాం.

మూడో రోజు పది గంటలప్పుడు చిన్న మిడతని వదిలాం. తొండ తల పక్కకి వంచి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత ఒక్క దూకు! రెండుసార్లు నమిలి మింగేసింది. ఆరో రోజుకి నాలుగు మిడతలు తిన్నది. తిన్నది అరిగిందో లేదో రెట్ట చూస్తే తెలుస్తుంది. నల్లటి రెట్ట, చివర తెల్లటి ముద్ద ఉండాలి. ఆ తెల్లది దాని మూత్రం. ఒంట్లో నీళ్ళు పోకుండా గట్టిగా వదులుతుంది. ఐదో రోజు అది కనపడితే పరీక్ష పాసైనంత సంతోషపడ్డాం.

పురుగు సైజు తొండ రెండు కళ్ళ మధ్య ఎడం కంటే పెద్దది కాకూడదు. మిడతలు, కీచురాళ్ళు, చెదపురుగులు మంచివి. మిణుగురులు వద్దు, వాటిలో విషం ఉంటుంది. పత్తి చేలో, మిరప చేలో పట్టినవి అసలే వద్దు, మందు కొట్టి ఉంటారు. మేము చెరువు గట్టు గడ్డిలో పట్టాం. తినకుండా మిగిలిన కీచురాయిని సాయంత్రం తీసేయాలి, లేకపోతే రాత్రి అదే తొండని కొరుకుతది.

వార్డెన్ మేడమ్ గారు రోగాలు వస్తాయని అన్నారు. అది నిజమే. బల్లి, తొండ ఒంటి మీద సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి ఉండవచ్చు, దానితో విరేచనాలు పట్టుకుంటాయి. అందుకని పెట్టె ముట్టిన ప్రతిసారీ సబ్బుతో చేతులు కడిగాం, పెట్టెని వంటశాల వైపు తేలేదు.

తొండ తల ఊపితే మనల్ని వెక్కిరిస్తుందని రాళ్ళు వేస్తారు. మగ తొండ ఇంకో మగదాన్ని బెదిరించడానికీ, ఆడదాన్ని పిలవడానికీ ఊపుతుంది. మన గొడవ దానికి లేదు. తొండ ముదిరితే ఊసరవెల్లి అవుతుందనేది సామెత వరకే, అవి రెండూ వేరే జంతువులు. మా ఇంట్లో ఎవరూ చదువుకోలేదు గానీ, తొండ వానాకాలంలో గుంత తవ్వి గుడ్లు పెట్టి మట్టి కప్పుతుందని మా అయ్యకి తెలుసు. సారు కూడా అదే చెప్పారు.

ఎనిమిదో రోజు అదే కానుగ చెట్టు దగ్గర వదిలాం. కొంచెం కుంటుతూనే ఎక్కింది. ఆరో తరగతి చెల్లెళ్ళు ఉడుము పిల్లని తెచ్చి పెంచుదామా అని అడుగుతున్నారు. వద్దు. ఉడుముని పట్టినా, పెంచినా, చంపినా 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. బాగున్న తొండని కూడా పట్టుకు రావద్దు. పెట్టె ల్యాబు కిటికీ కింద ఉంది. దెబ్బ తగిలినది కనపడితే సారుకి గానీ నాకు గానీ చెప్పండి.