ఊరు పెరుగును, బావిని కాపాడుకొనవలెను

నల్లమల అడవి అంచున నున్న లింగాల వంటి గ్రామములలో ఇండ్లు పెరిగినకొలది, ఒకనాడు ఊరి వెలుపల నున్న మంచినీటి బావి ఇండ్ల నడుమకు వచ్చును. మిషన్ భగీరథ గొట్టముల ద్వారా నీరు వచ్చుచుండగా బావి యెందుకని కొందరు అనవచ్చును. గొట్టము పగిలిననాడు ఊరికి దిక్కు ఆ బావియే.

బావిలోని నీరు చుట్టుపట్ల నేలలో ఇంకిన వాననీరే. మట్టి మందముగా నున్నచోట అది వడపోతవలె పనిచేయును. మట్టి పలుచనై, క్రింద పగుళ్లు గల రాయి యున్నచోట మాత్రము సెప్టిక్ ట్యాంకు నుండి, ఇంకుడు గుంత నుండి, పెంటకుప్ప నుండి దిగిన మురుగు శుభ్రపడకయే దూరము పోగలదు.

నీరు తేటగా నున్నంతమాత్రమున మంచిదని తలచరాదు. కాచినచో రోగక్రిములు నశించును గాని, మురుగు వలన చేరిన నైట్రేటు పోదు. లీటరు నీటిలో అది 45 మిల్లీగ్రాములకు మించరాదని భారతీయ ప్రమాణము. మించినచో, ఆ నీటితో పాలు కలిపి పట్టిన పసిబిడ్డల రక్తమునకు ప్రాణవాయువును మోయు శక్తి తగ్గి, శరీరము నీలివర్ణమగును.

బావిని బాగుచేసి రోగమును తరిమిన అనుభవము మనకు కలదు. దిగుడుబావులను చేదబావులుగా మార్చుట, నీటిని వడగట్టి త్రాగుట మొదలైన కృషి వలన నారికురుపు వ్యాధి దేశమునుండి తొలగినది. 2000 సంవత్సరమున భారతదేశము ఆ వ్యాధినుండి విముక్తమైనదని ప్రకటింపబడినది.

ఇప్పుడు చేయవలసిన పనులివి. మురుగు గుంతలు, పశువుల పాకలు బావికి కనీసము 15 మీటర్ల దూరమున, పల్లపు దిశలో నుండవలెను. రాతినేలలో ఇంకను దూరముగా నుండుట మేలు. బావికి పైనుండి 6 మీటర్ల లోతువరకు నీరు చొరని ఒర, చుట్టును ఎత్తైన గోడ, సిమెంటు చప్టా, వృథానీరు పోవుటకు కాలువ అవసరము. క్రిములను చంపుటకు వేయి లీటర్ల తేటనీటికి సుమారు 2.5 గ్రాముల మంచి బ్లీచింగు పొడి కలిపి, ఒక గంట గడచిన పిమ్మట వాడుకొనవలెను. నైట్రేటు సంగతి పరీక్షవలననే తెలియును. కావున ఏటేట నీటిని పరీక్ష చేయించవలెను.

కట్టిన గుంతను పూడ్పించుట కష్టము. కట్టకమునుపు చోటు మార్చుట సులభము. కావున పునాదికి ముగ్గు పోయకముందే గుంత యెక్కడ వచ్చునో పంచాయతీ వారు అడిగి తెలిసికొనవలెను. ఇల్లు ఒక్కరిది, బావి ఊరందరిది.