స్పీకర్లదా తప్పు, హాలుదా?

నేను చదివింది కామర్స్. బ్యాంకులో గుమాస్తాగా పనిచేసి 2019లో రిటైరయ్యాను. ఈయన శబ్దశాస్త్రం రాయడమేమిటని విద్యార్థులు నవ్వుకోవచ్చు. డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నది కనుక రాస్తున్నాను.

బళ్ళారిలో మేము కట్టుకున్న ఇంటి హాలు 5 మీటర్ల పొడవు, 4 వెడల్పు, 3 ఎత్తు. నేల గ్రానైటు, గోడలు నున్నన. అక్కడ పాటలు పెడితే మా ఆవిడ "మాటలు తెలియడం లేదండీ" అనేది. చెవుల డాక్టరుకు చూపిస్తే వినికిడి బాగుందన్నారు. స్పీకర్లు పాతబడ్డాయనుకుని పెద్దవి కొన్నాను. మోత పెరిగింది, మాటలు తేలలేదు. ఆవిడ తలనొప్పంటూ లోపలికి వెళ్ళిపోయేది. పెళ్ళయిన నాటి నుంచీ ఇద్దరం కలిసి పాటలు వినేవాళ్ళం.

పి.యు.సి. సైన్సు చదివే మా మనవరాలు హాలు మధ్య నిలబడి ఒక్క చప్పట్టు కొట్టింది. అది గోడల మధ్య ఝుమ్మని తిరిగింది. "అమ్మమ్మ చెవులు కాదు తాతయ్యా, మన హాలే" అంది.

శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. గోడకు తగిలి 3.4 మీటర్లు అదనంగా తిరిగొచ్చిన శబ్దం సెకనులో నూరోవంతు ఆలస్యంగా చేరుతుంది. ఇలాంటివి వందలు పోగుపడితే ఒక అక్షరం తోక తర్వాతి అక్షరం మీద పడుతుంది. 1895లో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఒక ఉపన్యాసశాలకు ఇదే జబ్బు. వాలెస్ సబీన్ అనే యువ అధ్యాపకుడు వేరే థియేటరు నుంచి కుర్చీల మెత్తలు మోసుకొచ్చి పరుస్తూ, శబ్దం ఎంతసేపు నిలుస్తుందో గడియారంతో కొలిచాడు. ఆయన సూత్రం తేలికే: గది ఘనపరిమాణాన్ని 0.16తో గుణించి, మొత్తం శోషణతో భాగించాలి. మా హాలు 60 ఘనపు మీటర్లు. శోషణ 6 చదరపు మీటర్లయితే 1.6 సెకన్లు, 16 అయితే 0.6. ఖర్చు రాయని ఖాతాలో నిల్వ పెరిగినట్టే! ఈ లెక్క నాకు వెంటనే ఎక్కింది.

స్పీకరు తీరు కూడా చూడాలి. 20 సెంటీమీటర్ల ఊఫర్ హెచ్చు శ్రుతులను ఎదురుగానే విసురుతుంది, పక్కలకు పంచదు. అందుకే చిన్న ట్వీటర్ పెడతారు. అది కూర్చున్నవారి చెవి ఎత్తులో ఉండాలి, మేమేమో నేలమీద పెట్టాం. పైగా రెండూ మూలల్లో. మూలలో గోడలు తగ్గు శ్రుతులను ఇంకా పెంచుతాయి. ఆ మోత అదే.

స్పీకర్లను బల్లలెక్కించి ముందుకు జరిపాం. నేను కుర్చీలో కూర్చుంటే మనవరాలు పక్కగోడ వెంట అద్దం జరుపుతూ పోయింది. అద్దంలో స్పీకరు నాకు కనబడిన చోటే మొదటి ప్రతిబింబం తగిలే చోటు. అక్కడ బొంత వేలాడదీశాం, ఎదురుగోడకు పుస్తకాల బీరువా, కింద తివాచీ. బొంతలు తగ్గు శ్రుతులను పెద్దగా ఆపవు, వాటికి జరపడమే మందు.

చివరికి పాత స్పీకర్లే మళ్ళీ పెట్టాం. ఆ సాయంత్రం మా ఆవిడ ఆఖరి చరణం దాకా లేవలేదు.