వారం లెక్క

తమిళం మాతృభాషైన నటరాజన్, తెనాలి హోటళ్లలో సర్వరుగా పనిచేస్తూనే 'శారద' పేరుతో 'మంచీ చెడూ', 'అపస్వరాలు' లాంటి తెలుగు నవలలు రాశారు. 1955లో, ముప్పై ఏళ్ల ప్రాయంలోనే పోయారు. తీరిక కోసం ఆగి ఉంటే ఆ నవలలు ఉండేవి కావు.

మనకి ల్యాబులు, మిడ్‌లు. అందుకే లక్ష్యం రోజుకి కాదు, వారానికి పెట్టుకోండి. నాది 1,500 మాటలు. 40 వారాలకి 60,000. బాపట్ల హాస్టల్లో కొంత, ఇంటికెళ్లేటప్పుడు తెనాలి–రేపల్లె ప్యాసింజర్లో కొంత.

నోట్‌బుక్‌లో నాలుగు గళ్లు గీశాను: వారం, లక్ష్యం, రాసింది, ఆగిన కారణం. అసలు పాఠం నాలుగో గడిదే. "టైం లేదు" అని కాక, "ఈ పాత్రకి ఏం కావాలో తెలియలేదు" అని రాస్తే వచ్చే వారం పని అక్కడే తేలుతుంది.

మిడ్‌ల వారం 300 చాలు. నవల నాలుగు వారాలు ఆలస్యమైతే కొంపేం మునగదు. రాయని మాటల బాకీ మాత్రం పై వారానికి మోయకండి. బ్యాక్‌లాగ్‌లు కాలేజీలో ఉన్నవి చాలు!