కవరు పారేయకండి!

1861. అమెరికాలోని ఫిలడెల్ఫియా పోస్టాఫీసు. 3 సెంట్ల స్టాంపు అంటించిన ఉత్తరం ఒకటి గుమస్తా చేతికొచ్చింది. స్టాంపు మీద జార్జి వాషింగ్టన్ బొమ్మ, ఎర్ర సిరా. నిన్నమొన్నటిదాకా దేశమంతా వాడిందే. గుమస్తా దాని వంక చూసి కవరు మీద ఠపీమని ముద్ర కొట్టాడు: ‘పాత స్టాంపులు చెల్లవు’.

ఏమైంది? ఆ ఏప్రిల్లో అంతర్యుద్ధం మొదలైంది. విడిపోయిన దక్షిణాది రాష్ట్రాల పోస్టాఫీసుల్లో స్టాంపుల నిల్వలు ఉండిపోయాయి. వాటిని ఉత్తరాదిలో అమ్మి సొమ్ము చేసుకుంటారేమోనని కేంద్ర ప్రభుత్వం భయపడింది. ఆగస్టు నుంచి కొత్త స్టాంపులు తెచ్చి, మార్చుకోవడానికి కొద్దిరోజులు గడువిచ్చి, పాతవి రద్దు చేసింది. పెద్దనోట్ల రద్దు చూసినవాళ్లం, గడువు దాటిన కాగితం గతేమిటో మనకు వేరే చెప్పక్కర్లేదు.

అసలు తమాషా ఇప్పుడుంది. ఆ ఎర్ర స్టాంపు విడిగా ఈరోజు చవగ్గానే దొరుకుతుంది. అదే స్టాంపు, అదే కవరు మీద, ఆ తిరస్కారపు ముద్రతో సహా దొరికితే? సేకర్తలు పోటీపడి కొంటారు. చెల్లదన్న ముద్రే దానికి ధర తెచ్చిపెట్టింది!

స్టాంపులు సేకరించేవాళ్ల దగ్గర నేర్చుకోవాల్సిన మొదటి పాఠం ఇదే. స్టాంపు ఒక్కటే చూడకండి, కవరంతా చదవండి.

ఫలితాన్ని కత్తిరించకండి

తొలినాటి సేకర్తలు చాలామంది కవరు మీది స్టాంపును కత్తిరించో, నీళ్లలో నానబెట్టో ఊడదీసేవాళ్లు. ఆల్బమ్ గడిలో అందంగా అంటించుకుని కవరు పారేసేవాళ్లు. దాంతోపాటే ఏ ఊరినుంచి బయల్దేరింది, ఏ తేదీన, ఏ దారిన, ఎవరికి అన్న సమాచారమంతా చెత్తబుట్టలోకి పోయేది. తర్వాతి తరాలవాళ్లు తల పట్టుకున్నారు.

మనమూ అదే చేస్తాం. ర్యాంకు, ఉద్యోగం, జీతం కత్తిరించి గోడకు తగిలించుకుంటాం. అక్కడికి చేర్చిన దారిని పారేస్తాం. అందుకే పదేళ్ల తర్వాత ‘అప్పుడెలా చేయగలిగాను?’ అని మనల్ని మనమే అడిగితే జవాబుండదు. ఏదైనా సాధించిన రోజు ఒక్క పేజీ రాసిపెట్టుకోండి: ఎక్కడ ఆగాను, ఎవరు చెయ్యందించారు, ఏది పనిచేయలేదు. మళ్లీ కష్టమొచ్చినప్పుడు ధ్రువపత్రం కన్నా ఆ పేజీయే అక్కరకొస్తుంది.

వాడని కవరుకు విలువ తక్కువ

యుద్ధం మొదలవగానే ఉత్తరాదిలో బొమ్మల కవర్లు వెల్లువెత్తాయి. జెండాలు, గద్దలు, ఫిరంగులు, శత్రునాయకుడు జెఫర్సన్ డేవిస్ మీద వెటకారపు బొమ్మలు. ఎన్నో వేల రకాలు అచ్చయ్యాయి. కొందరు వాటిని ఉత్తరాలకు వాడకుండా ముచ్చటపడి దాచుకున్నారు. అలా మడత నలగకుండా మిగిలినవి ఇప్పుడు కుప్పలుతెప్పలు. మామూలు రకమైతే పెద్ద ధర పలకదు.

శిబిరంలో ఓ సైనికుడు మోకాలి మీద పెట్టుకుని చిరునామా రాసిన కవరు సంగతి వేరు. స్టాంపు దొరక్కపోతే పైన ‘సైనికుడి ఉత్తరం’ అని రాయించి, అధికారి సంతకంతో పంపేవాళ్లు. తపాలా రుసుము ఇంటి దగ్గర అందుకున్నవాళ్లు కట్టేవారు. అంచులు నలిగి, సిరా మరకలు పడ్డ ఆ కవరుకే సేకర్త చెయ్యి చాస్తాడు.

మీలోని విద్య కూడా అంతే. ఇంగ్లిష్ పూర్తిగా వచ్చాక మాట్లాడదాం, అంతా సిద్ధమయ్యాక మొదలుపెడదాం అంటూ సొరుగులో దాచుకుంటే అది నలగదు, నిజమే. ఎక్కడికీ చేరదు కూడా.

లోటును తిరగేయండి

అదే యుద్ధకాలంలో దక్షిణాదిలో కాగితానికి కటకట. ఉత్తరాది నౌకాదళం రేవులు దిగ్బంధించింది. అక్కడి జనం ఏం చేశారు? గోడలకు అంటించే పూల కాగితాన్ని కవర్లుగా మడిచారు. ఖాతాపుస్తకాల పేజీలు చింపి వాడారు. వచ్చిన కవరునే విప్పి, లోపలివైపు బయటికి తిప్పి, మళ్లీ అంటించి పంపారు. ఒకే కాగితం రెండు ప్రయాణాలు చేసింది. ఈరోజు సేకర్తలు వాటిని ప్రత్యేకంగా వెతుక్కుంటారు. ‘సౌకర్యాల్లేవు’ అనే ముందు, చేతిలో ఉన్న కవరును ఒకసారి తిరగేసి చూశారా?

మామూలుదాన్ని లోతుగా చూడండి

1868 నాటి ఒక సెంటు ‘జెడ్ గ్రిల్’ అనే రకం స్టాంపులు లోకంలో రెండే ఉన్నట్టు తెలుసు. ఒకటి న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీది. రెండోది 2024 వేలంలో 40 లక్షల డాలర్లు దాటింది. అలాంటివి మనకందవు. స్టాంపుల సేకర్త డాక్టర్ కారల్ ఛేజ్ అటువైపు పోలేదు. కోట్లలో అచ్చయిన 1851 నాటి 3 సెంట్ల స్టాంపును పట్టుకున్నాడు. ఒక్కో అచ్చుపలకకు 200 స్టాంపులు. చెక్కేవాడు అంచుగీతల్ని ఒక్కోదానికీ చేత్తో మళ్లీ దిద్దాడు కాబట్టి ఏ రెండూ అచ్చంగా ఒకలా ఉండవు. ఛేజ్ లెన్సు పెట్టుకుని ఏళ్లతరబడి ఆ గీతల్నే చూశాడు, ఏ స్టాంపు పలకలో ఏ స్థానానిదో తేల్చాడు. 1929లో వచ్చిన ఆయన పుస్తకాన్ని సేకర్తలు ఇప్పటికీ సంప్రదిస్తారు. అందరి చేతిలో ఉన్నదాన్నే ఎవరూ చూడనంత దగ్గరగా చూడటం, అదే ఆయన సంపాదన.

మీ పనిలో అలాంటి 3 సెంట్ల స్టాంపు ఏది? రోజూ చేసే ఆ ఒక్క పనిని ఆరు నెలలు గమనించండి.

ముద్ర రెంటిమీదా పడిందా?

పాత కవరు చేతికి రాగానే అనుభవజ్ఞుడు ఒకటి చూస్తాడు. పోస్టుముద్ర సగం స్టాంపు మీద, సగం కవరు మీద పడిందా? రెండుచోట్లా గీత కలిసిందా? కలవకపోతే ఎవరో తర్వాత స్టాంపు తెచ్చి అతికించారేమోనని అనుమానం. కలిసినా తృప్తిపడడు, గీతలు దొంగచాటుగా గీసి కలిపేవాళ్లూ ఉంటారు. నిపుణుడికి చూపించాకే డబ్బు తీస్తాడు.

ఎవరైనా గొప్ప ఫలితం చూపించి మీ డబ్బో, సమయమో అడిగినప్పుడు ఇదే పరీక్ష పెట్టండి. ఎప్పుడు, ఎక్కడ, ఎవరి కళ్లముందు అని అడగండి. మీ సొంత గొప్పలకూ ఇదే పరీక్ష!

కాల్చమన్నా కాల్చని ఉత్తరం

1847 నవంబరులో వర్జీనియాలోని అలెగ్జాండ్రియా నుంచి జేమ్స్ హూఫ్ తన ప్రియురాలు జెనెట్ బ్రౌన్‌కు ఉత్తరం పంపాడు. ఇంట్లోవాళ్లకు తెలియకూడని ప్రేమ. ఎప్పటిలాగే చదివి కాల్చేయమన్నాడు. ఆమె కాల్చలేదు. ఐదేళ్లు దాటాక ఇద్దరూ పెళ్లి చేసుకున్నారు. 1907లో కూతురికి కుట్టుపెట్టెలో ఆ కవరు కనిపించింది. దాని మీది నీలి స్టాంపు లాంటిది ఇంకోటి దొరకలేదు. 2019లో ఆ కవరు పది లక్షల డాలర్ల పైచిలుకుకు అమ్ముడుపోయింది. జెనెట్ దాచుకున్నప్పుడు అందులో ఆమెకు కనిపించింది స్టాంపు కాదు, అతని చేతిరాత.

ఈ వారం ఒక పని చేయండి. మీ జీవితంలో ‘చెల్లదు’ అని ముద్రపడిన కాగితం ఒకటి తీయండి. రాలేదన్న ఉద్యోగలేఖ కావచ్చు, తప్పిన పరీక్ష మార్కుల జాబితా కావచ్చు. దాని వెనక తేదీ వేసి, ఆ రోజు తర్వాత మీరు ఏ దారి పట్టారో నాలుగు వాక్యాలు రాయండి. తర్వాత సొరుగులో పెట్టేయండి. దాన్ని ఏ వేలంలోనూ ఎవరూ కొనరు. రేపు మీ పిల్లలు ఓడిపోయి ఇంటికొచ్చిన సాయంత్రం, తీసి వాళ్ల చేతిలో పెట్టడానికి పనికొస్తుంది.